అంచున చినిగిన తోలు

మొన్న పంజాగుట్టలో చెవుల పరీక్ష చేయించుకున్నాను. నాకై నేను వెళ్లలేదు, మా ఆవిడ పంపింది. ఆవిడ ఏమడిగినా ఈమధ్య నేను "ఊఁ" అని ఊరుకుంటున్నానట. ఒకరోజు కావాలనే "ఇల్లు అమ్మేద్దామా?" అని అడిగి చూసిందట, దానికీ "ఊఁ" అన్నానట. సరే, పరీక్షగదిలో కూర్చోబెట్టారు. గోడలకు మెత్తటి గుడ్డ, మందపాటి తలుపు, తల మీద బరువైన హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక మీట. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమంది అద్దం అవతల కూర్చున్న అమ్మాయి. తలుపు మూశాక నా గుటక నాకే పెద్దగా వినిపించింది. చాలాసేపు ఇంకేమీ రాలేదు. ఆ అమ్మాయి పాపం అంత శ్రద్ధగా నా ముఖంలోకి చూస్తుంటే ఒక్కసారైనా నొక్కకపోతే బాగుండదని, మర్యాద కోసం అప్పుడప్పుడు నొక్కాను. బయటికొచ్చాక కాగితం చూసి, "సార్, నేను శబ్దం ఇవ్వనప్పుడు నొక్కారు, ఇచ్చినప్పుడు నొక్కలేదు. ఏం పని చేసేవారు మీరు?" అంది. "స్కూళ్లలో బ్యాండు నేర్పేవాణ్ణమ్మా. డ్రమ్ములు" అన్నాను. "అదీ సంగతి" అని రాసుకుంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాను. మెట్రో ఎక్కి ఇంటికి పోవలసినవాణ్ణి, కాళ్లు ఎర్రమంజిల్ వైపు తిరిగాయి. అక్కడ ఒక సందు ఉంది. పాతికేళ్లుగా ఆ సందు ముందు నుంచి బస్సులో పోయాను, స్కూటరు మీద పోయాను, ఈమధ్య మెట్రోలో దాని నెత్తి మీద నుంచే పోయాను, కానీ లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. సందు మొదట్లో ఇదివరకు చాయ్ హోటల్ ఉండేది, ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దాని ముందు నిలబడి, లోపలికి పోవడానికి నాకిప్పుడు ఏం పని ఉందని ఆలోచించాను. నా అసలు జబ్బు ఇదే. చెవులది కొత్తగా వచ్చింది. పని లేకుండా ఒకరి గుమ్మం ఎక్కలేకపోవడం మాత్రం నాకు పుట్టుకతో వచ్చింది.

నేను బాపట్ల నుంచి అమీర్‌పేట వచ్చేనాటికి ఆ ఊళ్లో గోడలన్నీ చదువుకున్నవే. ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్. ఒక కాగితం మీద ఇంకో కాగితం అంటించి అంటించి గోడలు లావెక్కాయి. జెరాక్స్ షాపుల వేడి కాగితం వాసన, మెస్సుల్లో సాంబారు వాసన, బాల్కనీల్లో ఆరని బట్టల వాసన కలిసి అమీర్‌పేటకి ఒక సొంత వాసన ఉండేది. రెండో అంతస్తులో ఒక గదిలో అయిదుగురం ఉండేవాళ్లం. అయిదు చాపలు, ఒక ఫ్యాను, కిటికీలో ఒక తాళంచెవి. జంతుశాస్త్రం చదివినవాడు జావా నేర్చుకుంటున్నాడు, సివిల్ ఇంజనీరింగు చదివినవాడు టెస్టింగు నేర్చుకుంటున్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ చాప పరుస్తూ "ఏ కోర్సన్నా నీది?" అని అడిగేవాడు. "కోర్సు కాదు, పక్క వీధి స్కూల్లో బ్యాండు మాస్టర్ని" అంటే కాసేపు నవ్వి, తర్వాత నిజమని తెలిసి పుస్తకం తెరిచేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి వాడికి ఉద్యోగం వచ్చేది. స్వీటు డబ్బా తెచ్చి పంచి, తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్లిపోయేవాడు. మళ్లీ కొత్తవాడు, మళ్లీ చాప, మళ్లీ అదే ప్రశ్న. అలా మూడేళ్లలో నేను తిన్న స్వీట్లకు లెక్కలేదు. వాళ్లలో ఒక్కడి ముఖమూ ఇప్పుడు గుర్తు రావడం లేదు. అంతమంది మధ్య అంత ఒంటరిగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

కాలేజీలో ఎన్‌సీసీ బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించాను. నాకు చేతనైన విద్య అదొక్కటే. స్కూలు వాళ్లకు నాలుగు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, బూరలు కొన్ని ఉండేవి. అన్నీ మేడ మీద రేకుల గదిలో పడేసేవాళ్లు. నేను చేరిన రోజున చూస్తే నాలుగింటిలో మూడు చినిగి ఉన్నాయి, నాలుగోది వాయిస్తే తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టుంది. అప్పట్లో ఆ డ్రమ్ములకు మేకతోలే. "ఇవి ఎవరు బాగుచేస్తారండీ?" అని ఆఫీసులో అడిగితే, పంజాగుట్టలో యాకూబ్ భాయ్ అని ఒకాయన ఉన్నాడు, పెళ్లిళ్ల బ్యాండ్లో చాలాకాలం వాయించి ఇప్పుడు ఇంట్లోనే రిపేర్లు చేస్తున్నాడు అని చెప్పారు. రెండు డ్రమ్ములు రెండు భుజాలకు తగిలించుకుని అమీర్‌పేట నుంచి నడుచుకుంటూ పోయాను. దారిలో అందరూ నన్నే చూశారు. పెళ్లి ఎక్కడ అని కూడా ఒకాయన అడిగాడు.

యాకూబ్ భాయ్ ఇల్లు రెండు గదులు, ముందొక వరండా. ఆ వరండాయే దుకాణం. అడుగు పెట్టగానే నానిన తోలు వాసన, ఆవనూనె వాసన, లోపల్నుంచి పుల్లటి పప్పుకు పెట్టిన పోపు వాసన ఒకేసారి తగిలాయి. మొదటిరోజు ముక్కు మూసుకున్నాను. నెల తిరిగేసరికి ఆ వాసన కోసమే వెళ్లేవాణ్ణి. ఆయనకు అప్పటికే యాభై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, గళ్ల లుంగీ, చెవిలో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. ఆ చెవి పెన్సిలు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికి రాదని ఆయన భార్య జైనబ్ భాభీ ఎగతాళి చేసేది. నిజంగానే ఆయనకు సగం వినిపించేది కాదు. అందుకే భాభీ ప్రతి మాటా వీధి చివరికి వినపడేలా అనేది. ఇల్లంతా ఆమె గొంతే. వాళ్ల ఒక్కగానొక్క కూతురు పెళ్లయి నిజామాబాదులో ఉండేది. ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరూ, గోడ నిండా డ్రమ్ములూ.

ఆయన పని చేస్తుంటే చూడటం నాకు సినిమా కంటే ఇష్టంగా ఉండేది. పొద్దున్నే తోలు తొట్టిలో నానేసేవాడు. మెత్తబడ్డాక బల్ల మీద పరిచి, దాని మీద సన్నటి కట్టె రింగు పెట్టి, స్టీలు చెంచా కాడతో అంచును రింగు కిందికి కొంచెం కొంచెం దోపుకుంటూ చుట్టూ వచ్చేవాడు. చెంచా కాడ తప్ప ఇంకే పనిముట్టూ ఆ పనికి ఒప్పుకునేవాడు కాదు. భాభీ వంటింట్లో చెంచాలు తక్కువైనప్పుడల్లా వరండాలోకి వచ్చి వెతికేది. తర్వాత దాన్ని డ్రమ్ము మీద కూర్చోబెట్టి, నీడలో ఆరనిచ్చి, చుట్టూ ఉన్న మరలు ఒక్కొక్కటే బిగించేవాడు. బిగించాక కర్రతో కొట్టి చూడడు. ఒక్కో మర దగ్గర వేలిగోరుతో చిన్నగా తట్టి, చేతిని అక్కడే ఉంచేవాడు. "చెవి అబద్ధం చెప్తది మాస్టర్ సాబ్. ఏలు చెప్పది" అనేవాడు. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు, రెండు చెవులూ దివ్యంగా ఉన్నాయి. ఆ మాట ముసలాయన సొంత ఓదార్పు అనుకున్నాను.

ఆయన దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, వాయించడం అయ్యాక డ్రమ్మును పండబెట్టాలి. అంటే మరలు కాస్త వదులు చేసి పెట్టాలి. వానలో తోలు సాగుతుంది, మోత రావాలని మనం ఇంకా బిగిస్తాం. అలాగే వదిలేస్తే మర్నాడు ఎండకు తోలు ముడుచుకుంటుంది, బిగువు తట్టుకోలేక చినుగుతుంది. నేను గుమ్మం ఎక్కగానే "బాగున్నవా" అనకుండా "డ్రమ్ము పండబెట్టినవా?" అని అడిగేవాడు. రెండోది మేకులు. వరండా గోడకు వరసగా మేకులుండేవి, ఒక్కొక్క మేకు ఒక్కొక్కరిది. బాగైన వస్తువు వాళ్ల మేకుకు తగిలిస్తాడు. మనిషి వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. ఎవరిచేతా పంపడు, ఇంకొకరికి ఇవ్వడు. "సామాను నడుసుకుంట పోదు. మనిషి రావాలె" అనేవాడు. నాలుగోసారి వెళ్లినప్పుడు గుమ్మం పక్కన నాకూ ఒక మేకు కొట్టాడు. హైదరాబాదులో నా పేరు మీద ఉన్న స్థిరాస్తి అదొక్కటే అని భాభీతో అంటే ఆమె చాలాసేపు నవ్వింది.

మొదటిసారి పండబెట్టడం నేను నిజంగానే మర్చిపోయాను. జులైలో ముసురు పట్టింది, ప్రాక్టీసులో డ్రమ్ములు మూగపోయాయి, బాగా బిగించాను. గంట కొట్టారు, పిల్లలు పరుగు, నేనూ పరుగు. రెండు రోజుల తర్వాత ఎండ కాసింది. రేకుల గది తలుపు తీస్తే ఒక డ్రమ్ము అంచు పొడుగునా నవ్వుతున్నట్టు చినిగి ఉంది. తిట్టుకుంటూ పంజాగుట్ట నడిచాను. ఆ రోజు ఆదివారం. తోలు ఆరేదాకా ఆగమన్నాడు భాయ్. ఆగాను. భాభీ అన్నం పెట్టింది, పుల్లటి పప్పు, గుడ్ల కూర. "గా మెస్సు తిండి తిని గిట్ల కట్టె లెక్క అయినవు" అని ఇంకో గరిటె వేసింది. మధ్యాహ్నం భాయ్ వరండాలోనే కునుకు తీశాడు. భాభీ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ కూతురి సంగతులు చెప్పింది. నన్ను ఏ కోర్సు అని ఎవరూ అడగలేదు. సాయంత్రం డ్రమ్ము భుజాన వేసుకుని గదికి తిరిగొస్తుంటే, వచ్చే ఆదివారం ఏం చేయాలి అని దిగులు మొదలైంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ తర్వాత చినిగినవన్నీ నేను చింపినవే. కర్రతో పొడవలేదు, కత్తితో కోయలేదు, అంత ధైర్యం లేదు. పండబెట్టడం మానేశానంతే. శుక్రవారం ప్రాక్టీసు అయ్యాక ఒక డ్రమ్మును నిండా బిగించి, రేకు వేడి తగిలేచోట పైన పెట్టి, తాళం వేసి వచ్చేసేవాణ్ణి. మిగతా పని ఎండ చూసుకునేది. ఆదివారానికి ఏదో ఒకటి చినిగేది. ఒకసారి ఆదివారానికి చినగలేదు. ఆ రోజంతా చాప మీద పడుకుని ఫ్యాను చూశాను. గదిలో అందరూ పరీక్షలకు చదువుకుంటున్నారు. పంజాగుట్టకు నడిస్తే ఎంతో దూరం లేదు. ఊరికే వెళ్లొచ్చు. కానీ గుమ్మం ఎక్కి ఏమని చెప్పాలి? ఎందుకొచ్చావంటే ఏమనాలి? ఈ ప్రశ్నకు జవాబు దొరక్క సాయంత్రం దాకా అలాగే ఉన్నాను.

భాయ్‌కి తెలియదని అనుకోవడం నా అమాయకత్వం. ఏడాది తర్వాత ఒకనాడు నేను తెచ్చిన డ్రమ్మును ఒళ్లో పెట్టుకుని, చినిగినచోట వేలితో రాసి, నెమ్మదిగా అన్నాడు. "కర్రతోని చినిగితే నడుమల చినుగుతది మాస్టర్ సాబ్. నువ్వు తెచ్చేటియి అన్నీ అంచుకే చినుగుతయి." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నిజంగానే భుజాన మిగిలిపోయిన డ్రమ్ము పట్టీ సర్దుకున్నాను. "పిల్లలు భాయ్, వదులు చేయమంటే వినరు" అన్నాను. ఆయన డ్రమ్ము పక్కన పెట్టాడు. "పిల్లలను ఏమనకు" అని, లోపలికి తిరిగి "జైనబ్, మాస్టర్ సాబ్ వచ్చిండు, చాయ్" అని కేకేశాడు. తొట్టిలో తోలు అప్పటికే నానుతోంది. నేను వస్తానని ముందే నానేసి పెట్టాడని నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే నా కథ వేరుగా ఉండేది.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. తోళ్లు ఇన్నిసార్లు ఎందుకు చినుగుతున్నాయని అడుగుతారేమోనని, ఎవరూ అడక్కముందే నేనే కరస్పాండెంటు గారి దగ్గర మొర పెట్టుకునేవాణ్ణి. వాతావరణం సార్, తోలు సార్, నిలవదు సార్, ప్రతి ఆదివారం నాకు ఇదే పని సార్. ఆయన మంచి మనిషి. నా మీద జాలిపడ్డాడు. ఆగస్టు పదిహేనుకు వారం ముందు నన్ను పిలిచి బల్ల మీద ఒక పెద్ద అట్టపెట్టె పెట్టాడు. లోపల అయిదు డ్రమ్ములకూ తోలు బదులు బిగించడానికి సరిపడా ప్లాస్టిక్ తలలు, చుట్టూ ఇనుప రింగుతో, మెరుస్తూ. "వానకు సాగవట, ఎండకు ముడుచుకోవట. ఏళ్ల తరబడి ఉంటాయట. ఇక మీ ఆదివారాలు మీవేనండి మాస్టారూ" అన్నాడు. థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను?

పదిహేనో తారీఖున సన్నటి జల్లు పడింది. అయినా డ్రమ్ములు పేలాల్లా పేలాయి. తల్లిదండ్రులు లేచి చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. ఆ శాలువా తీసుకుని గదికి వస్తే కొత్తవాడెవడో చాప పరుస్తున్నాడు. "ఏ కోర్సన్నా?" అన్నాడు. ఏడుపొచ్చింది. బాత్రూంలోకి వెళ్లి నల్లా విప్పుకున్నాను.

ఆ తర్వాత ఆదివారాలు నిజంగానే నావయ్యాయి. ఏం చేసుకోవాలో తెలియలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని గదిలో వాళ్లు వాదించుకునేవాళ్లు. నా ఆదివారం ఆగిపోయి నాలుగు నెలలైన సంగతి ఎవరికి చెప్పను? చివరికి ఒక శనివారం షేవింగ్ బ్లేడు కొని, స్కూలు వదిలాక రేకుల గదికి వెళ్లి, మంచి ప్లాస్టిక్ తలను, ఏ దెబ్బా తగలనిదాన్ని, అంచు పొడుగునా జానెడు కోశాను. నడుమ కోయాలని తోచలేదు. మూడేళ్లుగా నా చేతికి తెలిసిన చిరుగు అదొక్కటే.

మర్నాడు దాన్ని ఊడదీసి పట్టుకెళ్లాను. భాభీ గుమ్మంలోనే "ఎన్ని రోజులాయె మాస్టర్ సాబ్, యాది మర్చినవా?" అంది. గోడకు డ్రమ్ములు సగానికి తగ్గాయి. తొట్టి పొడిగా ఉంది. ఊళ్లో స్కూళ్లన్నీ ప్లాస్టిక్‌కి మారాయని అప్పుడు అర్థమైంది. భాయ్ దాన్ని అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు. గోరుతో చీలిక వెంట మెల్లగా గీశాడు. "ప్లాస్టిక్ అంచుకు చినగది మాస్టర్ సాబ్. గిది ఎండకు ముడుసుకోది గద" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "దీన్ని ఉంచి పో, చూస్త. మల్ల ఆదివారం రా" అని, దాన్ని బల్ల మీద పెట్టి, "ఉత్తచేతుల్తోని వచ్చినా మీ భాభీ చాయ్ పోస్తది" అన్నాడు. లోపల గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పని ఉందని చెప్పి, ఆ చాయ్ తాగకుండా వచ్చేశాను. మళ్లీ ఆదివారం వెళ్లలేదు. ఆ పై ఆదివారమూ వెళ్లలేదు. సిగ్గుకి ఒక గుణం ఉంది, రోజులు గడిచినకొద్దీ అది తగ్గకపోగా ముదురుతుంది. ఏడాది లోపే కూకట్‌పల్లిలో వేరే స్కూల్లో చేరాను. పెళ్లయింది, అమ్మాయి పుట్టింది, తల నెరిసింది. చెవులు పోయాయి.

సెల్‌ఫోన్ల దుకాణం ముందు నిలబడి ఇదంతా తలుచుకున్నాను. అబ్బాయి బయటికొచ్చి ఏం కావాలి అంకుల్ అన్నాడో ఏమో, పెదాలు కదిలాయి. ఏమీ వద్దని చెయ్యి ఊపి సందులోకి నడిచాను. ఇళ్లన్నీ మూడంతస్తులు లేచాయి. ఆ రెండు గదులు మాత్రం వాటి మధ్య అలాగే ఉన్నాయి. వరండాలో కుర్చీలో భాభీ కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది, కళ్లద్దాలు మందంగా ఉన్నాయి. "భాభీ, నేను..." అన్నాను. పేరు చెప్పాలా, ఊరు చెప్పాలా అని తడుముకుంటుంటే ఆమె కళ్లద్దాలు పైకి తోసి, "మాస్టర్ సాబ్" అంది. అదే గొంతు, వీధి చివరికి వినిపించే గొంతు. ఆ నెలలో నాకు ఒక్కసారికే సరిగా వినిపించిన మాట అదొక్కటే.

భాయ్ పోయి మూడేళ్లయిందట. "చెవులు మొత్తానికే పోయినయి. ఆఖర్ల నా మాట సుత ఇనరాలె. గోడకు చెయ్యి పెట్టి, గల్లీల ఎవరు నడుస్తున్నరో చెప్పేటోడు" అంది. నేను గోడ వైపు చూశాను. సున్నం కొత్తగా వేశారు. మేకులు లేవు, వాటి గుంతలు కూడా పూడ్చేశారు. గుమ్మం పక్కన ఒక్కటి మాత్రం ఉంది. దానికి ఇనుప రింగుతో పాతబడి పసుపెక్కిన ప్లాస్టిక్ తల వేలాడుతోంది. భాభీ లేచి దాన్ని తీసి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. నేను బ్లేడుతో కోసిన జానెడు చీలికను మైనం పట్టించిన దారంతో కుట్టాడు. సన్నటి కుట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఒకే కొలతలో. ప్లాస్టిక్‌కి కుట్టు పనికి రాదు, రెండు దెబ్బలకు మళ్లీ చీలుతుంది. అది ఆయనకు తెలియక కాదు. "నువ్వు ఇచ్చి పోయిన వారంలనే తయారు చేసిండు" అంది భాభీ. "పంపియ్యరాదు అంటె, సామాను నడుసుకుంట పోదు, మనిషి రావాలె అన్నడు. ప్రతి ఆదివారం అడిగేటోడు, వచ్చిండా అని."

వేలిగోరుతో దాని మీద తట్టాను. చెవికి ఏమీ అందలేదు. చేతిని అక్కడే ఉంచితే వేలి కింద ప్లాస్టిక్ సన్నగా అదిరింది. నేను పని వెతుక్కుంటూ గదిలో పడుకున్న ఆదివారాలన్నీ ఈయన నా కోసం ఒక పని తయారుచేసి మేకుకు తగిలించి కూర్చున్నాడు. నాకు కావలసింది ఒక సాకు. అది పాతికేళ్లు ఇక్కడే వేలాడింది. నేనే రాలేదు.

"ఇప్పుడన్న చాయ్ తాగి పోతవా, గప్పటి లెక్కనే పోతవా?" అంది భాభీ. కూర్చున్నాను. చాయ్ తాగాను. ఆమె చాలా చెప్పింది, అంతా వినిపించింది. లేవబోతుంటే ఆ ప్లాస్టిక్ తల తీసుకుపొమ్మంది. చంకలో పెట్టుకున్నాను. ఆమె గోడ వైపు చూసి మామూలుగా అడిగింది, "ఇగ గా మేకు పీకెయ్యాల్నా?"

"ఉంచండి భాభీ. ఆదివారం వస్తాను."

"ఏం తెస్తవు దానికి?"

"ఏమీ తేను. ఊరికే వస్తాను."